కొండ వెన్నుమీద సైకిలు ప్రయాణం

ప్రబంధ లక్షణాలను గురించి తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా అష్టాదశ వర్ణనలను వరుసగా ఒప్పజెప్పడం, శైల వర్ణన దగ్గరకు వచ్చేసరికి ఒక పద్యాన్ని రాగయుక్తంగా చదివి ప్రతిపదార్థం చెప్పడం, గంట కొట్టగానే పుస్తకం మూసి బయటికి రావడం పదకొండేళ్ళుగా నాకు అలవాటైన పని. నేను నంద్యాలలో పుట్టి పెరిగినవాడిని. మా డాబా ఎక్కి నిలబడితే తూర్పు దిక్కున నల్లమల కొండలు నీలిగీత గీచినట్లు కనబడతాయి. అయినప్పటికీ ఆ కొండలను బస్సు కిటికీలోనుంచి తప్ప నేను ఎరుగను. కొండను గురించి చెప్పడమే గాని కొండ ఎక్కిన పాపాన పోలేదు.

ఈ సంచికకు మనుచరిత్రపై ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. వ్రాయడానికి కూర్చున్నాను గాని ప్రవరుని దగ్గరకు వచ్చి కలం ఆగిపోయింది. ఆగిన కారణం చెప్పవలెనంటే ఒక సైకిలు ప్రయాణాన్ని గురించి చెప్పాలి. అందుచేత ఆ వ్యాసానికి బదులు ఇదే వ్రాస్తున్నాను. విద్యార్థులు, కమిటీ పెద్దలు మన్నించగలరని నమ్ముతున్నాను.

మా నాయనగారు, మేము అబ్బా అని పిలిచేవాళ్ళం, నంద్యాలలో ముప్పై ఏళ్ళకు పైగా సైకిలు షాపు నడిపారు. షాపు అంటే రేకుల పంచ, గంటకు రూపాయి చొప్పున అద్దెకిచ్చే తొమ్మిది సైకిళ్ళు, గాలి పంపు ఒకటి, పంక్చరు చూడడానికి నీళ్ళ బొచ్చె ఒకటి, కిరసనాయిలు వాసన వేసే పనిముట్ల పెట్టె ఒకటి. అబ్బా చక్రాన్ని సరిచేసే పద్ధతి చూడదగినది. చక్రాన్ని తిప్పుతూ ఒక్కొక్క పుల్లనూ వేలితో మీటి చెవి ఒగ్గి వినేవారు. వదులైన పుల్ల ఒక విధంగానూ, బిగువైన పుల్ల మరొక విధంగానూ పలుకుతుందట. మేమిద్దరం అన్నదమ్ములం ఆ షాపులోనే బారుకడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకొన్నాము. వాలు దిగేటప్పుడు కుడిచేతి బ్రేకు ముట్టుకోవద్దని అబ్బా మాకు చెప్పిన మొదటి పాఠం. కుడిచేతిది ముందు చక్రానికి. వాలులో అది పట్టితే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి ముందుకు పడతాడు.

తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేసి ఉద్యోగం వచ్చిన మొదటి సంవత్సరమే నేను స్కూటరు కొన్నాను. సైకిలు షాపు వాని కొడుకు సైకిలుపై కళాశాలకు రావడం నాకు నామోషీగా తోచింది. అబ్బా స్కూటరు చుట్టూ ఒకసారి తిరిగి చూచి, "మంచి బండి" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తమ్ముడు మాత్రం పై చదువుకు అమెరికా వెళ్ళేవరకు సైకిలు విడిచిపెట్టలేదు.

2022 డిసెంబరులో ఒక పగటివేళ గుండెనొప్పితో అబ్బా కన్నుమూశారు. అస్ర్ నమాజు తరువాత ఖననం జరిగింది. తమ్ముడు రాలేకపోయాడు. ఆ రోజుకు చేరుకోవడం ఎలాగూ సాధ్యం కాదు గాని, నలభయ్యో నాటికి కూడా రాలేదు. పాస్‌పోర్టు ఏదో కార్యాలయంలో చిక్కుకొని ఉన్నదని, అది చేతికి రానిదే కదిలేందుకు వీలు లేదని చెప్పాడు. నేను నమ్మలేదు. ఖననం ముగిసి ఇంటికి వచ్చిన వెంటనే, కాళ్ళ మట్టి కూడా కడుక్కోక ముందే, ఫోనులో ఒక మాట అన్నాను. "జనాజాకు పరాయివాళ్ళు వచ్చి భుజం పట్టారు, కన్నకొడుకువి నువ్వు రాలేదు" అన్నాను. అతడు బదులు పలకలేదు. ఆ తరువాత ఏడాదిన్నర పాటు మా మధ్య అమ్మీ మందులను గురించి, డబ్బు పంపడాన్ని గురించి తప్ప వేరే మాట లేదు.

2024 వేసవి సెలవులలో అమ్మీ చిన్నకొడుకును చూడాలని పట్టుబట్టింది. టిక్కెట్లు అతడే పంపాడు. ఆమెను ఒంటరిగా పంపలేక నేను కూడా బయలుదేరాను. కాలిఫోర్నియా రాష్ట్రంలో శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన సన్నీవేల్ అనే ఊరిలో అతని నివాసం. ఆ వీధులలో తెలుగు మాట వినబడడానికి పది అడుగులు వేయనక్కరలేదు. కూరగాయల కొట్టులో గోంగూర కట్టలు చూచి అమ్మీ ఆశ్చర్యపోయింది. అన్నదమ్ములం మాత్రం భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుండి అమ్మీతోనే మాట్లాడుతూ వారం రోజులు గడిపాము.

ఎనిమిదవ రోజున తమ్ముడు, "భాయ్‌జాన్, రేపు సైకిళ్ళపై కొండకు పోదామా?" అని అడిగాడు. కాదనబోయాను. అమ్మీ వంటగదిలోనుంచి, "పోయి రండి, రొట్టెలు కట్టి ఇస్తాను" అన్నది. ఇక కాదనడానికి వీలు లేకపోయింది.

అతని ఇంటి పక్క కొట్టంలో రెండు సైకిళ్ళు ఉన్నాయి. చూడగానే అవి సైకిళ్ళ వలె అనిపించలేదు. టైర్లు మన టైర్లకు రెండింతల లావు, వాటిపై నాగలి చాళ్ళ వంటి గట్లు. ముందు చక్రాన్ని పట్టిన చీలికలో స్ప్రింగు వలె కుంగి లేచే ఏర్పాటు. వెనుక చక్రానికి చిన్నవీ పెద్దవీ పన్నెండు పళ్ళచక్రాలు. మట్గార్డు, క్యారియరు, చైనుకవరు ఏవీ లేవు. ఒకటి అతనిది, రెండవది స్నేహితుని దగ్గర నా కోసం అడిగి తెచ్చినది. దానిని అడిగి తెచ్చి అప్పటికే మూడు రోజులైనదని తరువాత తెలిసింది. నన్ను అడగడానికి అతనికి మూడు రోజులు పట్టింది.

కారు వెనుక సైకిళ్ళను కట్టి పేజ్‌మిల్ రోడ్డు మలుపులలో పైకి వెళుతూ తమ్ముడు ఈ సైకిలు పుట్టుకను గురించి చెప్పాడు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మెరీన్ కౌంటీలో టమల్‌పాయస్ అనే కొండ ఉన్నది. 1970ల నడుమ అక్కడి యువకులు కొందరు 1930, 40ల నాటి పాత లావు టైర్ల సైకిళ్ళను తుక్కు ధరకు కొని, కొండపైకి చేర్చి, మట్టిదారుల వెంట కిందికి దూసుకొని వచ్చేవారట. 1976 అక్టోబరులో ఆ కౌంటీలో మొదటి పందెం జరిగింది. సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగులు దిగే దారి అది. దాని పేరు రీప్యాక్. ఆ పేరు ఎందుకు వచ్చినదో విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులోనే ఉండేది. ఒకసారి దిగేసరికి వేడికి లోపలి గ్రీజు పొగయి పోయేది. మళ్ళీ దిగవలెనంటే హబ్బు విప్పి, గోళీలు తుడిచి, కొత్త గ్రీజు కూరవలసిందే. రీప్యాక్ అంటే అదే. మా అబ్బా ప్రతి శుక్రవారం ఉదయం కిరసనాయిలు బొచ్చెలో గోళీలు కడిగి చేసిన పని కూడా సరిగ్గా అదే. అప్పటివరకు ముళ్ళ మీద కూర్చున్నట్లున్న నేను మొదటిసారి తమ్మునివైపు తిరిగి, "అబ్బాకు ఈ సంగతి చెప్పినావా?" అని అడిగాను. "చెప్పినాను. రెండు రోజులు నవ్వినాడు" అన్నాడు.

మేము వెళ్ళినది పసిఫిక్ సముద్రానికీ శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికీ మధ్య గోడ వలె నిలిచిన శాంటాక్రజ్ కొండల వరుస. కొండ వెన్ను వెంటనే స్కైలైన్ అనే రోడ్డు సాగుతుంది. దానికి అటూ ఇటూ మాంటెబెల్లో, లాంగ్‌రిడ్జ్, స్కైలైన్‌రిడ్జ్, రష్యన్‌రిడ్జ్ అని పేర్లు గల రక్షిత భూములు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. ఇవి ప్రభుత్వం పూర్వకాలంనుంచి అట్టిపెట్టిన అడవులు కావు. ఒకప్పుడు పశువుల బీళ్ళు, తోటలు, కలప కొట్టిన నేలలు. కింద లోయలో ఎలక్ట్రానిక్సు కర్మాగారాలూ ఇళ్ళూ పుట్టగొడుగుల వలె పెరిగి కొండపైకి పాకజొచ్చినప్పుడు, 1972 నవంబరులో అక్కడి ప్రజలు ఓటు వేసి, కొండలను కొని ఖాళీగా ఉంచడం కోసమే ఒక ప్రత్యేక జిల్లా సంస్థను ఏర్పాటు చేసుకొన్నారు. దానికి తమ ఆస్తిపన్నులో కొంత భాగం కేటాయించారు. 2014లో మరల ఓటు వేసి, ముప్పై కోట్ల డాలర్ల ఋణపత్రాలకు సమ్మతించారు. నేడు ఆ సంస్థ రక్షణలో అరవై వేల ఎకరాలకు పైబడిన నేల ఉన్నది. లోపలికి పోవడానికి రుసుము లేదు. సూర్యోదయానికి అరగంట ముందునుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకు ఎవరైనా రావచ్చును. ఏమీ కట్టకుండా ఉంచడానికి మనుషులు పన్ను కట్టుకొన్నారన్న సంగతి నాకు విచిత్రంగా తోచింది.

మాంటెబెల్లో దగ్గర కారు నిలిపి దిగాము. దారి మొదట్లో ఒక పసుపుపచ్చ పలక. దానిపై త్రికోణాకారంలో మూడు బొమ్మలు, సైకిలు, కాలినడక మనిషి, గుర్రం. బాణపు గుర్తులు చూపే అర్థమేమిటంటే, సైకిలువాడు నడిచేవానికి దారి ఇవ్వాలి, ఆ ఇద్దరూ గుర్రానికి దారి ఇవ్వాలి. సైకిలు వేగం గంటకు పదిహేను మైళ్ళు దాటరాదు. మనుషులను దాటేటప్పుడు అయిదు మైళ్ళే. తలపై టోపీ తప్పనిసరి. కొన్ని దారులలో సైకిలుకు ప్రవేశమే లేదు. వేగమెక్కువైన సైకిలే అందరికీ దారి ఇవ్వాలి అన్నది అక్కడి న్యాయం. మన రోడ్లపై న్యాయం ఎటువంటిదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మేము పట్టిన దారి ఒక లోయలోకి దిగుతుంది. శాన్ ఆండ్రియాస్ పగులు అని భూగోళ పుస్తకాలలో చదివినాము గదా, అది ఈ లోయ వెంటనే సాగుతున్నది. ఒక గట్టు పసిఫిక్ ఫలకం, రెండవ గట్టు ఉత్తర అమెరికా ఫలకం. గోరు పెరిగేటంత నిదానంగా ఒకదాని పక్కనుంచి మరొకటి జరుగుతూ, ఎక్కడో పట్టుకొని, బిగిసి, చివరకు ఒక రోజున తెగుతాయి. 1906 ఏప్రిల్ 18న తెగినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరం కూలి, ఆపైన మంటలలో కాలిపోయింది. చూపులకు మాత్రం అక్కడ ఏమీ లేదు. ఒక చిన్న మడుగు, తుంగ, ఎగిరే తూనీగలు.

వాలు మొదలైంది. మొదట భయం, తరువాత ఉల్లాసం. చల్లని గాలి చెవులలో హోరుమంటున్నది. ఒక మలుపులో వాన నీరు కోసిన గండి కనబడింది. వేగం తగ్గించాలి. అబ్బా పాఠం ముప్పై ఏళ్ళ నాటిదైనా చేతులలో అలాగే ఉన్నది. కుడిచేతిని పూర్తిగా వదిలి ఎడమచేతి బ్రేకును గట్టిగా పట్టాను. మరుక్షణం ఆకాశం కిందికీ నేల పైకీ వచ్చాయి. హ్యాండిలు మీదుగా ఎగిరి దారి పక్కన ఎండుటాకులలో పడ్డాను.

తమ్ముడు పరుగెత్తి వచ్చాడు. మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. "నీ దగ్గర ఎడమచేతిదే పట్టినాను గదరా!" అని అరిచాను. అతని ముఖం పాలిపోయింది. "చెప్పడం మరచిపోయినాను భాయ్‌జాన్. ఈ దేశంలో తిరకాసు. ఎడమచేతిది ముందు చక్రానికి, కుడిచేతిది వెనకదానికి. వచ్చిన మొదటి ఏడు నేనూ ఇట్లాగే పడినాను. అబ్బా చెప్పినట్లు చేసే పడినాను" అన్నాడు. కాసేపు ఇద్దరం ఒకరినొకరం చూచుకొని నవ్వాము. పక్కన మూడేసి ఆకుల పొద ఒకటి ఉంటే దానినుంచి నన్ను దూరంగా లాగాడు. అది తగిలితే ఒళ్ళంతా దద్దురులెక్కి పది రోజులు దురద పెడుతుందట. సీసాలోని నీళ్ళతో నా మోచేయి కడిగి గుడ్డ కట్టాడు. చిన్ననాడు అతని మోకాళ్ళు కడిగినది నేను.

లోయ అడుగున స్టీవెన్స్ వాగు దాటి గ్రిజ్లీఫ్లాట్ అనే దారి పట్టుకొని మళ్ళీ పైకి ఎక్కాము. గ్రిజ్లీ అనే పెద్ద ఎలుగుబంటి బొమ్మ ఆ రాష్ట్రపు జెండాపై ఉన్నది. ఆ రాష్ట్రపు నేలపై మాత్రం గడచిన నూరేళ్ళుగా ఒక్కటీ లేదు. డగ్లస్ ఫర్ వృక్షాలు స్తంభాల వలె నిలిచి ఎండను కిందికి రానివ్వడం లేదు. నడుమ నడుమ మడ్రోన్ అనే చెట్లు. వాటి బెరడు కాగితం వలె ఊడిపోయి లోపల రాగిరంగు మాను నున్నగా మెరుస్తుంది. బే చెట్టు ఆకు నలిపి వాసన చూస్తే అమ్మీ బిర్యానీలో వేసే ఆకు గుర్తుకు వచ్చింది, ఘాటు మాత్రం నాలుగింతలు. దారి నిట్టనిలువుగా ఉన్నది. పన్నెండు పళ్ళచక్రాలలో అతి పెద్దదానికి చైను మార్చినా నా ఊపిరి చాలలేదు. దిగి తోసుకొంటూ నడిచాను. తమ్ముడు ప్రతి మలుపులో ఆగి, వెనుదిరిగి చూడకుండా, చెట్టును చూస్తున్నట్లు నటిస్తూ నా కోసం నిలబడ్డాడు. నేను అలసిపోయినానన్న సంగతి చూడనట్లుండడం కూడా ఒక మర్యాదే. మా అబ్బాలో ఆ గుణం ఉండేది.

ఒకచోట ఎదురుగా గుర్రంపై ఒక వృద్ధురాలు వచ్చింది. ఇద్దరం సైకిళ్ళు దిగి పల్లపు పక్కకు తప్పుకొని నిలబడ్డాము. తమ్ముడు ఆమెతో రెండు మాటలు గట్టిగా పలికాడు. సైకిలు టోపీ పెట్టుకొన్న ఆకారం మనిషిదేనని గుర్రానికి తెలియాలట, గొంతు వింటే బెదరదట. గుర్రం మా పక్కనుంచి తలూపుతూ వెళ్ళిపోయింది.

రోడ్డు దాటి లాంగ్‌రిడ్జ్‌లో ప్రవేశించి మరికొంత ఎక్కగానే అడవి ఉన్నట్లుండి ఆగిపోయింది. తెర తీసినట్లు గడ్డి కొండలు. మే నెల నడుమ కావడం చేత పల్లాలలో గడ్డి ఇంకా పచ్చగానూ, మిట్టలపై పండిన వరి రంగులోనూ ఉన్నది. గాలి వీస్తే కొండ మొత్తం ఒక్కసారిగా అటు ఒరిగి ఇటు లేస్తున్నది. పడమట కొండల మీద కొండలు, వాటికి ఆవల సముద్రం ఉండవలసిన చోట తెల్లని మంచు. ఆ గడ్డి చాలావరకు స్థానికం కాదని, ఐరోపా నుంచి పశువులతోపాటు వచ్చిన విత్తనాలదని తమ్ముడు చెప్పాడు. అంతకు పూర్వం అక్కడ నివసించిన ఒహ్లోనీ జాతివారు బీళ్ళను అడవి కమ్మకుండా అప్పుడప్పుడు తామే నిప్పు పెట్టి కాపాడుకొనేవారట.

అక్కడ ఒక రాతి బల్ల ఉన్నది. వాలెస్ స్టెగ్నర్ అనే నవలా రచయిత స్మృతికి దానిని అమర్చారు. ఆయన ఆ సమీపంలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రచనను బోధించిన అధ్యాపకుడు. 1962లో ఆ కొండలను కాపాడడానికి ఏర్పడిన పౌరసంఘానికి మొదటి అధ్యక్షుడు. 1993లో గతించాడు. అడవి అంటూ ఒకటి మిగిలి ఉన్నదన్న ఎరుక చాలు, అక్కడికి ఎన్నడూ వెళ్ళనివానికి కూడా అది మేలు చేస్తుందని 1960లోనే ఆయన వాదించాడు. సాహిత్యం చెప్పుకొని బ్రతికేవాడు కొండను గురించి చెప్పి ఊరుకోక కొండ కోసం పనిచేశాడని తెలిసి, నల్లమలను కిటికీలోనుంచి చూచిన నేను ఆ బల్లపై కాస్త ఒదిగి కూర్చున్నాను.

రొట్టెలు తిన్నాము. జుహర్ వేళ అయింది. తమ్ముడు తన చలికోటును గడ్డిపై పరిచాడు. మనం పడమటికి తిరిగి చేసే నమాజును అక్కడ ఉత్తరానికి, కొంచెం ఈశాన్యంగా తిరిగి చేయాలి. బ్రేకు మారినట్లే దిక్కు కూడా మారింది. నమాజు ముగిసిన తరువాత అతడు సైకిలు సీటు కింది చిన్న సంచి తీసి, అందులోనుంచి పంక్చరు అంటుల డబ్బా, గాలిగొట్టం పక్కన పెట్టి, అడుగున ఉన్న ఒక వస్తువును నా చేతికి ఇచ్చాడు. అరిగి నల్లబడిన పలుచని కోన్ స్పానరు. దాని పిడికి అబ్బా చుట్టిన ట్యూబు రబ్బరు. అబ్బా పోయిన తరువాత పనిముట్ల పెట్టె సర్దినప్పుడు దాని కోసం నేను షాపంతా వెదికాను. పోయిందనుకొన్నాను.

"ఇక్కడికి వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకొన్నాను" అన్నాడు. "దీనితో పని ఏమీ లేదు భాయ్‌జాన్. ఈ చక్రాలలో కోన్లు లేవు, గోళీలు లేవు, అన్నీ బిగించిన బేరింగులు. ఇది పట్టే చోటే లేదు."

కొంతసేపు మంచువైపు చూచి మళ్ళీ చెప్పాడు. "నువ్వు ఆ మాట అన్నప్పుడు ఇక్కడ తెల్లవారుజాము. రాత్రంతా ఫోను పట్టుకొని కూర్చున్నాను. తెల్లవారగానే ఇక్కడికి వచ్చినాను. ఏం చేయాలో తెలియలేదు. చక్రం ఊడదీసి ఒళ్ళో పెట్టుకొన్నాను. స్పానరు పట్టే చోటు లేదు. పుల్లలు మీటుకొంటూ కూర్చున్నాను. పాస్‌పోర్టు మార్చి నెలలో వచ్చింది."

ఆ నేలపై అంతకు ముందే నడిచిన జోబ్‌స్ట్ బ్రాంట్ అనే ఇంజనీరు సంగతి కూడా అప్పుడే చెప్పాడు. పాలోఆల్టోలో ఉండి, ఈ కొండల మట్టిదారులన్నీ మామూలు సన్నటైరు సైకిలుపై తిరిగి, 1981లో సైకిలు చక్రంపై ఒక పుస్తకం వ్రాసి, 2015లో మరణించినవాడు. చక్రపు ఇరుసు పై పుల్లలనుంచి వేలాడడం లేదని, కింది పుల్లలపైనే నిలుస్తుందని ఆయన లెక్క కట్టి చూపాడట. పుల్ల సన్నని తీగె. దానిపై బరువు పడితే వంగిపోవాలి గదా అని అడిగాను. ముందుగానే లాగి బిగించి ఉండడం చేత బరువు పడినప్పుడు ఆ బిగువు కొంత సడలుతుందే గాని పుల్ల వంగదట. బిగువు చాలకపోతేనే చక్రం చెడుతుంది. "అబ్బా చెవితో విన్నది ఆ బిగువునే" అన్నాడు తమ్ముడు.

నేను పదకొండేళ్ళుగా ప్రవరుని కథ చెబుతున్నాను. పాదలేపం రాసుకొని హిమాలయానికి వెళ్ళినవాడు, ఆ లేపం మంచుకు కరిగిపోగా ఇంటికి రాలేక, వయోవృద్ధులైన తల్లిదండ్రులను తలచుకొని పరితపించే ఘట్టాన్ని చదివేటప్పుడు నా గొంతు ప్రతి సంవత్సరమూ గద్గదమవుతుంది. విద్యార్థులు దానిని మెచ్చుకొంటారు కూడా. నా ఇంట్లోనే ఒకనికి పాదలేపం కరిగిపోయినప్పుడు మాత్రం వంక చెబుతున్నాడని అన్నాను. పుస్తకంలోని ప్రవరునిపై కరుణ చూపడానికి ఖర్చేమీ లేదు.

"ఆ మాట నేను అనవలసింది కాదు" అన్నాను. అతడు తల వంచుకొని, "అబ్బా బ్రతికి ఉంటే నిన్ను కొట్టేవాడు. తరువాత నన్నూ కొట్టేవాడు" అన్నాడు. స్పానరును తిరిగి అతని సంచిలోనే పెట్టాను. అది అతని దగ్గర ఉండవలసిన వస్తువు.

మిగిలిన దారి గురించి ఎక్కువ చెప్పను. లాంగ్‌రిడ్జ్ నుంచి ఉత్తరంగా సాగి, స్కైలైన్‌రిడ్జ్‌లో లాడం ఆకారంలో ఉన్న చిన్న చెరువు పక్కగా పోయి, రష్యన్‌రిడ్జ్ చేరాము. గత శతాబ్దపు తొలి సగంలో అక్కడ పాడి నడిపిన ఒక రష్యా దేశస్థుని వలన ఆ పేరు వచ్చిందట. వసంతంలో ఆ గడ్డిలో పాపీలు, లూపిన్లు తివాచీ పరిచినట్లు పూస్తాయని చెప్పారు. మేము వెళ్ళేటప్పటికి నారింజరంగు పూలు అక్కడక్కడ మాత్రమే మిగిలాయి. అక్కడి బోరెల్‌హిల్ ఎత్తు 2572 అడుగులు. అక్కడ నిలబడితే తూర్పున అఖాతమూ, దాని అంచున తమ్ముడు పనిచేసే లోయ మొత్తమూ, పడమట సముద్రపు మంచూ ఒకేసారి కనబడతాయి. ఈ కొండ వెన్ను దారి అఖాతాన్ని చుట్టివచ్చేటట్లు 550 మైళ్ళ పొడవున కట్టాలని తలపెట్టిన దారిలో ఒక భాగమట. నాలుగు వందల మైళ్ళకు పైగా ఇప్పటికే పూర్తి అయింది. మేము తిరిగినది అందులో ఏ మూలకు. మొత్తం పదిహేను మైళ్ళకు కాస్త అటో ఇటో ఉంటుంది. కారు దగ్గరకు చేరేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానివేశాయి. ఇంటికి వచ్చాక మా వాలకం చూచి అమ్మీ ఏమీ అడగలేదు. ఇద్దరికీ ఒకే పళ్ళెంలో అన్నం పెట్టింది.

నంద్యాలకు తిరిగి వచ్చాక షాపు తలుపులు తీశాను. అద్దె సైకిళ్ళలో మిగిలిన ఒకదానిని దింపి, హబ్బు విప్పి, గోళీలు కిరసనాయిలులో కడిగి, గ్రీజు కూర్చాను. పుల్లలు మీటి చూచాను గాని నాకు ఆ చెవి లేదు. చక్రం కొంచెం వంకర తిరుగుతూనే ఉన్నది. దానిపైనే ఇప్పుడు కళాశాలకు వస్తున్నాను. మొదటి వారం మీలో కొందరు నవ్వుకొన్న సంగతి నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. నేను కూడా ఒకనాడు అలా నవ్వినవాడినే.

అయితే సైకిలుపై రావడం మొదలుపెట్టిన తరువాతనే ఒక విషయం నా కంటబడింది. మన రేకుల షెడ్డుకు సైకిలు స్టాండు అనే పేరు ఇంకా గోడపై ఉన్నది. లోపల నిలిచేవి మాత్రం మోటారు సైకిళ్ళు, మా అధ్యాపకుల స్కూటర్లు, కార్లు. చుట్టుపట్ల పల్లెలనుంచి సైకిళ్ళపై వచ్చే ముప్పై నలభై మంది పిల్లలు తమ బండ్లను వేపచెట్టు దగ్గర ఎండలో ఆనిస్తున్నారు. మధ్యాహ్నానికి ట్యూబులు పేలుతున్నాయి. పదేళ్ళు నా స్కూటరు ఆ నీడలో నిలిచింది, పేలిన చప్పుడు నాకు వినబడలేదు. షెడ్డులో ఒక్క వరుసను సైకిళ్ళకు విడిచిపెట్టవలసినదిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. దానికి ఖర్చు లేదు, నిర్మాణం లేదు. పెద్ద బండి చిన్న బండికి దారి ఇస్తే చాలు.

మనుచరిత్ర వ్యాసం వచ్చే సంవత్సరం తప్పక వ్రాసి ఇస్తాను. ఈ డిసెంబరు సెలవులలో తమ్ముడు వస్తున్నాడు. నల్లమలవైపు సైకిళ్ళపై పోదామని అనుకొన్నాము. శైల వర్ణన పాఠాన్ని అంతవరకు వాయిదా వేసికొన్నాను.